బురదలో ఒక అక్షరం

ఖాలా పోయిందన్న కబురు నాకు పులివెందుల్లో, ఎనిమిదో తరగతి హాజరు తీస్తుండగా తెలిసింది. ఫోన్లో ఆమె కూతురు. “అక్కా, అమ్మీ పొద్దున నమాజు చేసుకోని మళ్లా పండుకొనింది. లేస్తాదిలే అనుకొంటి. లేయలేదక్కా” అంది. పిల్లలు నా ముఖం చూసి ఎవరని అడిగారు. “మన బడికొచ్చి పిట్టల ఫోటోలు చూపించిందే, ఆమె” అన్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆ మాట కాస్త తలెత్తుకునే చెప్పాను. ఆమె గురించి ఎవరికి చెప్పినా నాకు అట్లాగే వస్తుంది.

ప్రొద్దుటూరులో మావి పక్కపక్క ఇళ్లు. ఖాలా అంటే పిన్ని. మా ఇంట్లోవాళ్లమూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం. భర్త తన ఫోటో స్టూడియోకు తాళం వేసి కువైట్‌కు డ్రైవరుగా వెళ్లాడు. కొన్ని నెలలు చూసి ఆ తాళం ఆమే తీసింది. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీయడానికి మగవాళ్లను రానివ్వని ఇళ్లు చాలా ఉండేవి. జమ్మలమడుగు నుంచి ఖాజీపేట దాకా అందరూ ఆమె కోసమే వచ్చేవారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె చేయలేనిది లేదు. పెళ్లికూతురి మొటిమలు పోయేవి. అలిగి మొహం తిప్పుకున్న ఆడపడుచు ఇంకో ఫోటోలోంచి వచ్చి నవ్వుతూ నిలబడేది.

ఒకసారి సూళ్లూరుపేటలో పెళ్లి ఒప్పుకుంది. మర్నాడు పొద్దున, ఎవరో చూసి రమ్మంటే పులికాట్ సరస్సు దాకా వెళ్లింది. అక్కడ మోకాలి లోతు నీళ్లలో వేల పక్షులను చూసి బస్సు సంగతే మరిచిపోయింది. ఆ తర్వాత ప్రతి చలికాలం స్టూడియో మూసి కోస్తాకు పోవడం మొదలుపెట్టింది. వీధిలో వాళ్లు ఊరుకుంటారా? “పెండ్లిండ్లు ఇడ్సిపెట్టి పిట్టల ఎంట పడింది సూడు” అనేవారు. ఖాలా నవ్వేది. “ఈ సుట్టాలే నయం. ఫోటోలో లావుగా పడినామని అలగరు.”

నేను ఆమెతో మొదటిసారి వెళ్లిన ఏడాదే, ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగింది. గట్టు మీద నుంచి చూస్తుంటే, బురదలో ముక్కులు పొడుస్తున్న గోధుమరంగు పిట్టల గుంపులో ఒకదాని కాలికి చిన్న పచ్చ పట్టీ కనిపించింది. ఎక్కడో దూరదేశంలో దాన్ని పట్టి, పట్టీ కట్టి, వదిలేశారన్నమాట. దాని మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు. మొదటి రెండూ స్పష్టంగా పడ్డాయి. మూడోదానికి బురద అంటింది. చూస్తే ‘ఈ’ లాగే ఉంది.

ఖాలా ఆ ఫోటోను ఇలాంటి పట్టీల వివరాలు సేకరించే ఒక పరిశోధకుడికి పంపింది. ఆయన మర్యాదగానే చెప్పాడు, మూడో అక్షరం తేలకపోతే లాభం లేదమ్మా అని. ఈలోగా ఊళ్లో తెలిసిన విలేకరి ఒకాయన స్టూడియోకు వచ్చి, “అది ‘ఈ’నే గదక్కా. కొంచెం దిద్ది ఇయ్యి, పేపర్లో ఏస్తాం. నీకదెంత పని?” అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ ఆయనకే వంత పాడాను.

ఖాలా కుర్చీ మా వైపు తిప్పింది. “పెండ్లికూతురి మొటిమ తీసేస్తా. ఆ యమ్మ ఎవురో ఆ యమ్మకు తెలుసు. ఈ పిట్ట ఎవురో చెప్పేది ఆ అచ్చరమొకటే. అది నేను రాస్తే ఎట్లప్పా?”

ఒప్పుకున్న పెళ్లి ఒకటి జమ్మలమడుగులో ఉంటే, అది ముగించి మళ్లీ బస్సెక్కింది. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను. రెండు రోజులు ఆ పిట్ట జాడే లేదు. నాకు విసుగొచ్చి, “ఇంత గుంపులో అది యాడ దొరుకుతుంది ఖాలా, పోదాం పా” అన్నాను. “అదంత దూరం నుంచి ఎగురుకుంటా ఒచ్చింది పాపా. మనం బస్సులో కూసోని వస్తిమి. ఏమలిసిపోతిమి మనం?” అంది.

మూడో రోజు నీళ్లు తీసిన చోట గుంపు వాలింది. ఖాలా బురఖా అంచులు నడుముకు దోపుకుని బురదలో బోర్లా పడుకుంది. మోచేతుల మీద ఇంతింత జరుగుతూ వెళ్లింది. నేను గట్టు మీదే నిలబడ్డాను. చాలాసేపటికి తిరిగొచ్చింది. కళ్లు తప్ప ఒళ్లంతా బురద. కెమెరా మాత్రం పొడిగా ఉంది. వెనక తెర మీద ఫోటో పెద్దది చేసి నా ముందు పెట్టింది. “సదువు, టీచరమ్మా.”

చదివాను. ‘ఈ’ కాదు, ‘ఎఫ్’. మేము అడుగు గీత అనుకున్నది బురద.

నాకు తల కొట్టేసినట్టయింది. ఖాలా నా చున్నీతో ముఖం తుడుచుకుని, ఆకలేస్తోంది పద అంది.

వారానికి ఆ పరిశోధకుడు ఫోన్ చేశాడు. ఆ పట్టీ కట్టింది రష్యా ఉత్తరపు కొసనట. కట్టి వదిలాక ఆ పిట్ట మళ్లీ ఎవరి కంటా పడలేదట. అది బతికే ఉందని లోకానికి చెప్పిన మనిషి మా ప్రొద్దుటూరు ఖాలా. ఆమె ఫోన్ పెట్టేసి మెల్లగా, “దానికి పట్టీ కట్టినోళ్లకు కబురు పొయ్యింది సూడు, అది సాలు” అంది. నేను మాత్రం కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

పోయిన చలికాలం మేము చివరిసారి వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో ఆమె బురదలోకి దిగలేకపోయింది. టీ కొట్టు వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో రోడ్డు పక్కనే కూర్చుంది. రొయ్యల తట్టలు నెత్తిన పెట్టుకుని పోతున్న ఆడవాళ్లు ఏందమ్మా చూస్తున్నావని ఆగారు. ఖాలా ఒక్కొక్కరికీ కెమెరా కంటికి ఆనించి చూపించింది. “అమ్మో, దినామూ చూసే పిట్టేనా ఇది!” అని ఒకామె గట్టిగా నవ్వింది. అంతలో దూరంగా ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా లేచింది. ఖాలా గబుక్కున కెమెరా అందుకుని, పక్షుల వైపు కాకుండా ఆ ఆడవాళ్ల వైపు తిప్పింది.

ఆ ఫోటోలో ఒక్క పక్షి కూడా లేదు. తట్టలకు చేతులు ఆనించి నలుగురు ఆడవాళ్లు, నోళ్లు తెరుచుకుని, ఆకాశంలోకి చూస్తున్నారు.