బండ మీద జున్నుపాలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఢిల్లీని ఆనుకున్న ఫరీదాబాద్ కొండల్లో కొత్త రోడ్డు సర్వేకి నన్ను సీనియర్ సర్వేయరుగా వేశారు. పదో తరగతి దాటని నేను నేల కొలిచే గొలుసు పట్టే పనిలో చేరి, పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివి ఆ హోదాకి చేరాను. అందుకేనేమో, చదువుకున్నవాళ్ల నిర్లక్ష్యం చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అసిస్టెంట్ ఇంజనీరు సుధ ఢిల్లీ జనక్‌పురిలో పెరిగిన తెలుగమ్మాయి. మా అలైన్‌మెంటులో, అంటే రోడ్డు వెళ్లే గీతలో, ఒక బండ మీద ఆదిమానవులు తొలిచిన గుంటలున్నాయని ఎక్కడో చదివింది. “అంకుల్, లంచ్ తర్వాత చలియే నా, ప్లీజ్” అంది. వెళ్లాం.

గిన్నెలంత గుంటలు, రెండు వరుసలు. వేలు పెడితే లోపల నున్నగా తగిలింది. ఇనుము లేని రోజుల్లో రాతితో రాతిని ఇంత గుండ్రంగా ఎలా తొలిచారు? దేనికి? గింజలు దంచడానికి అంటాను నేను. ఆటకి అంటుంది సుధ. ఎటూ తేలలేదు.

అక్కడినుంచే పై ఆఫీసరుకు ఫోన్ చేసి, గీత పక్కకి జరపమన్నాను. సర్వే పటంలో బావికి, గుడికి, సమాధికి ఒక్కో గుర్తు ఉంటుంది. గుర్తు లేనిది పటంలోకి రాదు. పటంలో లేనిదాన్ని మందుపెట్టి పేల్చేస్తారు.

“గుంటలకి గుర్తుందా మన దగ్గర?” అన్నాడాయన.

“లేదు సార్. కానీ వేల ఏళ్లనాటివి.”

“కొండ అంతకంటే పాతది కదయ్యా! బండ అని రాసెయ్.”

ఆ కోపంలో బండ మీదే నిలబడిపోయాను. వెనకనుంచి కేక: “ఏ తావూ! జూతే ఉతార్!” చెంబుతో వస్తున్న ముసలావిడ. తావూ అంటే అక్కడ పెదనాన్న. బూట్లు విప్పాను. ఆవిడ ఒక్కో గుంటలో చిక్కటి పాలు పోసింది.

“ఖీస్ హై, అంకుల్” అంది సుధ. మన జున్నుపాలు. ఊళ్లో ఏ గేదె ఈనినా మొదటి పాలు ఇక్కడికే తెస్తారట. ఎవరు తొలిచారమ్మా అని అడిగితే, “నాకేం తెలుసు, మా అత్త పోసేది, నేను పోస్తున్నా” అంది.

పూజాస్థలం అడ్డొస్తే రోడ్డు గీత వంగాలని మా నిబంధన. పటంలో బండ మీద గుడి గుర్తే వేశాను. నమ్మని ఆఫీసరు మర్నాడు స్వయంగా వచ్చాడు. ఆయన చేతా ముసలావిడ బూట్లు విప్పించింది. ఇవాళ ఆ రోడ్డు బండను చుట్టి వెళుతుంది.

వయసుకు మా పటాల్లో గుర్తు లేదు, వాడుకకు ఉంది. ఆ తర్వాత ఏ చోట సర్వేకి దిగినా నేను మొదట అడిగింది ఒకటే: ఇక్కడికి ఎవరు వస్తుంటారు?