బొటనవేలి కింద కాలువ

భేస్తాన్‌ల మా పక్కింటి అక్క దవాఖానల నర్సు. మ్యాపు, కంపాస్ చూసుకుంట జెండాలు వెతుకుతు ఉరికే పోటీలంటే ఆమెకు పానం. ఆ ఎండకాలం ఒక వారమంత, డ్యూటీ దిగంగనే నన్ను గూడ ఉరికిచ్చింది. మ్యాపు మీద మేమున్న జాగల బొటనవేలు పెట్టేది. మేము కదిలితే వేలు జరిగేది గని లేవకపోయేది.

ఆదివారం బార్డోలీల జంటల పోటీ. మ్యాపుల చెరుకుతోట ఉన్నకాడ చూస్తే ఉత్త నేల. కోతలైపోయినయి. అందరు ఆగమై తలో దిక్కు ఉరికిన్రు.

"అక్కా, తప్పిపోయినం!" అని ఏడ్సినంత పని చేసిన.

"చెరుకు కోసిన్రు. కాలువ యాడికి పోతది? నడువు!" అన్నది అక్క, మ్యాపుల కాలువ గీత మీద వేలు తియ్యకుండ.

కాలువ వెంబడే జెండా దొరికింది. అందరికంటె ముందు చేరినం.

చెట్టు నీడల కూసొని మ్యాపులు చూసుకున్నం. నాది కొత్తగనే ఉన్నది. అక్కదాంట్ల, వేలి చెమటకు, ఆ కాలువే చెరిగిపోయింది.