బందరు లడ్డూ దంచిన మా నాన్న

బందరెళితే ఏం చూడాలి, ఏం తినాలి అని మా మనవరాలు పొద్దున ఫోనులో వెతుకుతుంటే లడ్డూ బొమ్మ కనపడింది. నాకు ముక్కు నిండా నేతివాసన. మంగినపూడి సముద్రంలో మునిగొచ్చి ఆ లడ్డూ తినని వాడు మన ఈడోళ్లలో ఎవడన్నా ఉన్నాడంట్రా?

బెల్లం పాకం పోసి ఆ లడ్డూ పిండిని రోట్లో దంచింది మా నాన్న ఏసోబు. దంచేవాళ్లు తినేస్తారని మిఠాయి కొట్టు షావుకారు వాళ్ల నోట్లో నీళ్లు పోయించేవాడు. పుక్కిట పట్టుకునే దంచాలి. రోకలి దించాక ఆ నీళ్లు ఆయన ముందు ఉమ్మి చూపించాలి. మధ్యలో మింగితే లడ్డూ తిన్నట్టే లెక్క.

ఓసారి నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్లా. అప్పుడే దగ్గొచ్చి ఆయన నీళ్లు మింగేశాడు.

"ఏరా ఏసోబూ, నోరు తెరువు" అన్నాడు షావుకారు. వేలు పెట్టి నోరంతా కెలికి, తీసి వాసన చూశాడు. "తిన్లేదులే. మళ్లీ పోసుకో."

తర్వాత నన్ను చూశాడు. "నీ కొడుకా? ఇందరా, నువ్వు తిను" అని నా చేతిలో లడ్డూ పెట్టాడు.

నాన్న వంక చూశా. అప్పటికే మళ్లీ నోటి నిండా నీళ్లు. తినమనీ అనలేడు, వద్దనీ అనలేడు.

తిన్నాను. అంత రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు. మా నాన్న దంచింది, బాగోక చస్తుందా.