లెనిన్‌గ్రాడ్ దగ్గు, పెద్దమ్మ కేక

ఆ రోజుల్లో క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండేవి. వాటిని విరిచేస్తే దాని మీద ఇంకెవరూ ఏదీ రికార్డు చెయ్యలేరు. విరవకపోవడం నాదే తప్పని మా చుట్టాలంతా ఇప్పటికీ తీర్పు చెబుతుంటారు. ముచ్చటపడి తెచ్చుకున్న వస్తువుని ఎవరైనా చేతులారా విరుచుకుంటారా? ఇల్లు దోచినవాణ్ణి వదిలేసి, గొళ్ళెం పెట్టలేదేమని ఇంటివాణ్ణి కోప్పడే లోకం ఇది. ఈ విషయంలో నాకు ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అప్పుడు నేను పర్చూరు దగ్గర ఒక పత్తి మిల్లులో కొత్తగా చేరిన గుమాస్తాని. మా అమ్మకి అక్క, అంటే మా పెద్దమ్మ, ఇంట్లో ఉండి మిల్లుకి సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. గుంటూరులో రిటైరైన లెక్చరర్ గారొకరుండేవారు, మేం ఆయన్ని రికార్డుల మాస్టారనేవాళ్ళం. ఒకప్పుడు రష్యా పుస్తకాల వ్యానులో చవగ్గా అమ్మిన గ్రామఫోను రికార్డులన్నీ కొని దాచుకున్న మనిషి. ఆయన నా మీద దయతలచి, లెనిన్‌గ్రాడ్‌లో నిండు సభ ముందు వాయించిన ఒక సింఫనీని, వెనకవైపు ఒక పియానో కన్చెర్టోని క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చారు. తర్వాత కొద్ది రోజులకే ఆయన ప్లేయరు ముల్లు విరిగింది, అలాంటి ముల్లు మద్రాసులో కూడా దొరకలేదు. అంటే ఆ సంగీతానికి మా ప్రాంతం మొత్తానికీ నా క్యాసెట్టొక్కటే దిక్కు. ఆ సింఫనీ రాసినాయన, సర్కారు మనుషులు ఏ క్షణాన వచ్చి తలుపు కొడతారోనని భయపడుతూ రాశాడట. నెమ్మదిగా నడిచే మూడో భాగంలో, వయొలిన్లన్నీ ఊపిరి బిగబట్టినట్టు వాయిస్తున్న చోట, జనంలో ఎవరో ఒక్కసారి దగ్గుతారు. నాకు ఆ దగ్గన్నా ప్రాణమే. (మంచుదేశపు దగ్గు. మన మిరపయార్డు దగ్గుకీ దానికీ పోలికే లేదు.)

ఒకరోజు మిల్లు నుంచి పెందలాడే ఇంటికొచ్చేసరికి నా టేప్‌రికార్డరు లేదు, క్యాసెట్టూ లేదు. పెద్దమ్మని అడుగుదామని చేలోకి బయలుదేరాను. ఆ ఏడు ఆవిడ మిరప మానేసి పొద్దుతిరుగుడు వేసింది. పూలు గింజ పట్టే వేళకి చిలకలు గుంపులు గుంపులుగా దిగుతున్నాయి. కాలవగట్టు దాటానో లేదో, చేను మీదుగా నా లెనిన్‌గ్రాడ్ డప్పులు, బాకాలు ఒక్కపెట్టున మోగాయి. చిలకలన్నీ కెవ్వుమని లేచాయి. మంచె మీద టేప్‌రికార్డరు, దాని పక్కన పెద్దమ్మ, ఒళ్ళో వేరుశనక్కాయలు.

"ఇదేం పని పెద్దమ్మా! అది చిలకల కోసం రాసింది కాదు!" అని అరిచాను.

"మరెవరికోసం రాశాడంట? నువ్వు వింటా నిద్రపోతన్నావుగా. చిలకలు నిద్రపోవట్లా!"

(నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాను. ఆ తేడా ఆవిడకి జన్మలో చెప్పలేకపోయాను.)

"సినిమా పాటలేశానురా," అంది కాయలు ఒలుస్తూ. "రెండ్రోజులకే అలవాటు పడిపోయి, పాట వింటా తింటన్నాయి. నీ దాంట్లో కాసేపు చప్పుడే ఉండదు, ఉన్నట్టుండి పిడుగు పడతది. దాన్ని నమ్మి కూర్చోటానికి లేదు వాటికి. కోతయ్యేదాకా ఇది నీకియ్యను, పో!"

ఏం చెయ్యను? ఆవిడ పెట్టే అన్నం తింటున్నవాణ్ణి. ఎండలో పెట్టొద్దని, ఎర్రమీట జోలికి పోవద్దని బతిమాలి వచ్చాను. ఎర్రమీట సంగతి చెప్పి ఉండకపోతే ఆవిడకి దాని ధ్యాసే వచ్చేది కాదేమో! మూడో భాగంలో చప్పుడు సన్నగిల్లగానే పెద్దమ్మకి చిరాకేసింది. ఎర్రది గట్టిగా వినపడ్డానికి పెట్టిన మీట అనీ, పిసినారితనం కొద్దీ నేను వద్దన్నాననీ అనుకుంది. పాట ఆపి, ఆ రికార్డు మీట నొక్కింది.

ఆ సాయంత్రం ఆవిడ చేలోంచి తిరిగొచ్చాక ఇంట్లో క్యాసెట్టు వేసి విన్నాను. వయొలిన్లు సన్నబడ్డాయి. ఇప్పుడు దగ్గు రావాలి. టక్కుమని ఒక చప్పుడు, ఆకుల గలగల, చిలకల గోల. ఆ వెంటనే, "హోయ్! హోయ్! మీ ముక్కులు పగల! ఇది పలకట్లేదేందిరా సచ్చినోడా!" తర్వాత ఏమీ జరగనట్టే లెనిన్‌గ్రాడ్ వాళ్ళు మళ్ళీ అందుకున్నారు.

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అన్నం తినలేదు. పెద్దమ్మ మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుని, "నా గొంతు భలే పడిందే! ఇంకోసారి వెయ్యి!" అంది. వేయించుకోవడమే కాదు, వీధివీధంతా పిలిచి వినిపించింది. మాస్టారైనా అయ్యో అంటారని క్యాసెట్టు పట్టుకుని గుంటూరు పరుగెత్తాను. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, "దగ్గు కంటే ఇదే నయమయ్యా. ఆ భాగానికి కావలసిన భయం ఇప్పుడొచ్చింది," అన్నారు. ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. క్యాసెట్టు బూజు పట్టి పోయింది. అదే సింఫనీ, లెనిన్‌గ్రాడ్‌లో ఆనాడు వాయించిందే, నా ఫోనులో ఉంది. ఎవడో మహానుభావుడు శుభ్రం చేశానంటూ అందులో దగ్గు కూడా తీసేశాడు! ఎవరడిగారు నిన్ను? నాకు అది కూడా లేకుండా చేశావే! మూడో భాగం వచ్చేసరికి నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. వయొలిన్లు సన్నబడతాయి. ఎవరూ అరవరు. అంతమంది వాద్యగాళ్ళుండీ ఆ చోటు బోసిగా ఉంటుంది, ఆవిడ మీద బెంగగా ఉంటుంది. అందుకని జుట్టు నెరిసిన నేను, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, సరిగ్గా సమయానికి, "హోయ్! హోయ్! మీ ముక్కులు పగల!" అని అందుకుంటాను.

"మళ్ళీ వచ్చాయా చిలకలు?" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.

వచ్చాయనే చెబుతాను.