శైలజ గారి లోచూపు

శైలజ గారికి పైచూపు మీద నమ్మకం లేదు. ఏ వస్తువు కనబడినా, దాని లోపల ఏముందో అల్ట్రాసౌండ్‌తో చూస్తే తప్ప ఆమెకు మనశ్శాంతి ఉండదు. శరీరంలోని గడ్డలను ధ్వనితరంగాలతో మరింత స్పష్టంగా చూపే పరికరాలపై పరిశోధన ఆమె ఉద్యోగం. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి ఆ శాస్త్రాన్ని చెప్పడం ఆమె వ్యసనం. ప్రయోగదశలోని పరికరాన్ని మనుషులపై పెట్టే అనుమతి లేదు గనుక, మిగిలిన సృష్టినంతా ఆమె పరీక్షించేవారు.

ఆ సృష్టి ఎంత పెద్దదో ఆమెను తిప్పే ఆటోడ్రైవర్ రాజారాంకు బాగా తెలుసు. నిజామాబాద్ యార్డులో పసుపుకొమ్ము, బోధన్ దారిలో చెరకుగడ, వర్ని హోటల్లో ఇడ్లీ, అన్నీ జెల్ పూయించుకున్నవే. ఇడ్లీ నాడు హోటల్ బాపురావు, "చట్నీ సాల్లేదా మేడం?" అని మర్యాదగానే అడిగాడు. ఆమె దానిని శాస్త్రీయ సందేహంగా స్వీకరించి అరగంట సమాధానం చెప్పారు. ఆటో సీటు జారుడుబండ అయిందని రాజారాం మొరపెట్టుకుంటే, "జెల్ లేకుంటే నడుమ గాలి అడ్డం వస్తది రాజారాం," అని ఓదార్చారు.

అటువంటి మనిషిని ఈ వేసవిలో రాజారాం తానే కందకుర్తికి, తన తల్లి విమలమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు. విమలమ్మ మెడ మీద గడ్డ లేచింది. డాక్టర్ స్కానింగ్ రాసి నెల దాటినా, "లోపట పండుకున్న రోగాన్ని మిషిన్ పెట్టి లేపుతరా?" అంటూ ఆమె కదలలేదు. రాజారాంకు నిద్ర పట్టడం లేదు.

శైలజ గారు ఉపన్యాసం దంచుతారని అతడు ఆశపడ్డాడు. ఆమె గడ్డ ఊసే ఎత్తలేదు. గోదావరి ఇసుకలో విమలమ్మ పండించిన పుచ్చకాయల ముందు చతికిలబడి, ఒకదానికి జెల్ పూసి, పరికరం ఆనించి, దాని తెర చూసి, మంచి కాయ అని తేల్చారు.

విమలమ్మ వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గింది. "ఖరాబైంది బిడ్డా. ఒకదిక్కు మెత్తవడ్డది."

కోసి చూస్తే ఒక పక్క కుళ్లింది.

శైలజ గారు తల వంచుకున్నారు. "నువ్వు చేసింది గూడ స్కానింగే అవ్వా. చప్పుడు పంపినవు, మళ్లొచ్చింది విన్నవు. కొట్టినందుకు కాయ ఖరాబు కాలే. ముందుగాల్నే అయింది, నీకు తెలిసింది. అంతే."

విమలమ్మ కుళ్లిన పక్కను వేలితో నొక్కి చూసింది. తర్వాత కొడుకుతో, మర్నాడే పోదామనీ, ఆ డాక్టర్ మిషన్ కూడా ఇట్లాగే తప్పు చూపిస్తుందేమో తానే కనిపెట్టి ఉండాలనీ చెప్పింది.

మర్నాడు శైలజ గారు సెలవు పెట్టి వచ్చారు. స్కానింగ్ చేసి, ఆ గడ్డ నీటితిత్తి మాత్రమేననీ, భయం లేదనీ డాక్టర్ చెప్పాడు. "ఇంకొక్కపారి సూడు బిడ్డా," అంది విమలమ్మ. "మిషిన్లు తర్బూజ కాయకే మోసపోతయి." పాపం, ఆయన మళ్లీ చూశాడు.

బయట తల్లిని ఆటోలో కూర్చోబెట్టి రాజారాం వెనక్కి వచ్చాడు. "మేడం, నిన్న కాయ కోయకముందే తెరమీద నల్లమచ్చ నాగ్గూడ కనవడ్డది. మీకు కనవడలేదా?"

శైలజ గారు ఆకాశం వైపు చూశారు.

"ఈసారి ఎండలు జర ఎక్కువనే ఉన్నయి రాజారాం."

ఆమె నోట అల్ట్రాసౌండ్ లేని మాట అతడు వినడం అదే మొదటిసారి.