తోమన్ల గుంట, చేపల పులుసు

నా చిన్నప్పుడు మేం ఉన్న చోటు ఇప్పుడు లేదు. టాంపినీస్‌లో రైలు దిగి ఎటు చూసినా ఫ్లాట్లే. వాటి కింద ఎక్కడో మా ఇసుక గుంట పూడిపోయి ఉందంటే మా మనవరాలు నమ్మదు. ఇసుక తవ్వుకుని వదిలేసిన గుంట అది. వానలకు నిండి నిండి చెరువంత అయింది. దాని ఒడ్డున రేకుల కప్పున్న చెక్క ఇంట్లో మా తాతయ్య, నాయనమ్మ, అమ్మా నాన్నా, నేనూ ఉండేవాళ్ళం. తాతయ్య మలేషియా రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడి నుంచి ఈ దీవికి, ఇసుక తవ్వకం దగ్గర కాపలా పనికి వచ్చాడు. తవ్వకం ఆగిపోయింది, మిషన్లు వెళ్ళిపోయాయి, తాతయ్య మాత్రం ఆ గుంటను వదల్లేదు. ఏదో ఒకటి కాపలా కాయకపోతే ఆయనకు పొద్దుపోదు.

ఆ గుంట నిండా జపాన్ చేపలు ఉండేవి. తిలాపియాను అప్పట్లో ఇక్కడ అందరూ అలాగే పిలిచేవారు. వాటికి పిల్లల్ని పెట్టడం తప్ప వేరే పని ఉన్నట్టు కనిపించేది కాదు. ఉన్న తిండి అన్నిటికీ చాలక ఒక్కటీ ఎదగలేదు. వల వేస్తే బుట్ట నిండేది, కూర వండితే కంచం నిండా ముళ్ళే మిగిలేవి. "ఈ సేపల్ని మనం తింటన్నామో, ఇవే మనల్ని తింటన్నాయో" అని నాయనమ్మ రోజూ సణిగేది. ఆ సణుగుడు భరించలేకే కావచ్చు, తాతయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. గుంటను అదుపు చేసేవాడు కావాలన్నాడు. పక్కింటి మలాయ్ మామయ్యతో కలిసి వంతెన అవతల మలేషియాలో ఉన్న జొహోర్ వెళ్ళి, కిరసనాయిలు డబ్బాలో తోమన్ పిల్లల్ని తెచ్చాడు.

తోమన్ అంటే మన కొర్రమీనుకు పెద్దన్న. నల్లటి వీపు, పాములాంటి తల, కుక్కకున్నట్టు పళ్ళు. పెరిగితే పెద్దవాళ్ళ కాలంత పొడవు ఉంటుంది. మేం డబ్బా వంచి వదిలినప్పుడు మాత్రం అవి నా వేళ్ళంతే ఉన్నాయి. తాతయ్య నా చెయ్యి కూడా డబ్బా మీద వేయించాడు. అవి నీళ్ళలోకి జారిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు.

మొదట చిన్న చేపలు మాయమయ్యాయి. ఒడ్డున అడుగు పెడితే చెదిరిపోయే ఆ వెండి మెరుపులు లేవు. ఆ తర్వాత నాయనమ్మ పెంచుకుంటున్న బాతు పిల్లలు తగ్గసాగాయి. చివరి పిల్లను నేను కళ్ళారా చూశాను. అది తల్లి వెనకాల ఈదుకుంటూ పోతోంది. నీళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, గుండ్రంగా ఒక అల మాత్రం ఒడ్డుదాకా వచ్చింది. తల్లి బాతు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు చూసి, మళ్ళీ వెనక్కి చూసింది. ఆ రోజు నుంచి నాకు నీళ్ళంటే వణుకు పట్టుకుంది. తొట్టిలో నీళ్ళతో స్నానం చేయించబోయినా అమ్మ మెడ పట్టుకుని వేలాడేదాన్ని.

తాతయ్య మాత్రం సంతోషంగా ఉన్నాడు. వలలో పడ్డ జపాన్ చేపను తెచ్చి నాకు చూపించాడు. అది నా అరచేతి కంటే వెడల్పుగా ఉంది. తినేవాడు వచ్చాక మిగిలినవాళ్ళకు తిండి దొరికిందని, ఇంకొన్నాళ్ళు పోతే కంచమంత అవుతాయని, ఆ తర్వాత తోమన్లు మితిమీరితే వాటినీ తీయాల్సి ఉంటుందని చెప్పుకుపోయాడు. వేసినవాడే తీయాలి, వేసి చేతులు దులుపుకుంటే గుంట ఊరుకోదట. నాకు అవేవీ ఎక్కలేదు. నేను జపాన్ చేప కంటే ఎంత పెద్దదాన్ని, తోమన్ నోరు ఎంత పెద్దది అన్న లెక్క తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. పైగా మలాయ్ మామయ్య పిక్క మీద ఒక మచ్చ ఉండేది. నదిలో తోమన్ కరిచిన మచ్చ. పిల్లలు ఎర్రగా ఉన్నప్పుడు తల్లి తోమన్ దగ్గరికి ఏనుగైనా పోకూడదని ఆయన చెబుతుంటే, నేను ఆ మచ్చ నుంచి చూపు తిప్పుకోలేకపోయేదాన్ని.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. అంట్లు తోమేది గుంటలోకి కట్టిన చెక్కల మీదే. నాయనమ్మ అన్నాన్ని చెత్తలో పడనిచ్చేది కాదు. అది ఏ ప్రాణి నోట్లోనైనా పడాలి గానీ మట్టిలో కలవకూడదనేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుండలో అడుగంటిన మెతుకుల్ని నీళ్ళలో వేసి, వేళ్ళు కళ్ళకద్దుకునేది. ఆ మెతుకుల కోసం చేపలు వేళకు వచ్చి చెక్కల కింద మూగేవి. తోమన్లు వేసిన తర్వాత కూడా ఆ అలవాటు మానలేదు. మెతుకుల కోసం చేపలు వస్తే, చేపల కోసం ఇంకెవరో వస్తారని ఇంత తెలిసిన మా పెద్దవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. పుణ్యం చేస్తున్నప్పుడు మనిషికి అనుమానం రాదు కాబోలు.

తోమన్లు వేసిన మూడో వానాకాలంలో గుంట పొంగి చివరి చెక్కలు నీళ్ళలో మునిగాయి. నాయనమ్మ నడుం నొప్పితో పడుకుంది. అన్నం కుండ కడుక్కురమ్మని అమ్మ నన్ను పంపింది. భయంగా ఉందని చెబితే, ఒడ్డునే తాతయ్య ఉన్నాడుగా అంది. నిజమే, ఆయన కోళ్ళ గూడు బాగుచేస్తూ అక్కడే ఉన్నాడు. నేను మునిగిన చెక్కల మీదికి వెళ్ళాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వంగి కుండలోని మెతుకులు నీళ్ళలో వేశాను.

అప్పుడు గుంటలో ఒక్కచోటే వాన పడటం చూశాను. ఆకాశంలో మబ్బు లేదు. చాపంత మేర నీళ్ళ మీద చినుకులు లేస్తున్నాయి, తక్కిన గుంటంతా అద్దంలా ఉంది. ఆ వాన నా వైపు నడిచి వస్తోంది. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి చినుకులు కావు, గాలి కోసం పైకి వచ్చి మునిగే చేప పిల్లలు. మిరపపండు ఎరుపు. వందలకొద్దీ పిల్లలు గుంపుగా వచ్చి నా కాళ్ళ చుట్టూ తిరిగాయి, వేళ్ళ మధ్య దూరాయి. వాటి కింద ఒక నల్లటి వీపు మెల్లగా ఇటు తిరిగింది. దానికి కాస్త వెనకాల ఇంకొకటి.

నేను అరవబోయాను. కాళ్ళు ఎత్తి పరుగెత్తాలని ఒళ్ళంతా తొందరపెడుతోంది.

"కదలకే అమ్మా. పెలాన్ పెలాన్" అన్నాడు తాతయ్య. మలాయ్‌లో మెల్లగా, నెమ్మదిగా అని. మా ఇంట్లో ఆ మాట మా సొంత మాటైపోయింది. ఆయన చెక్కల మొదట్లో, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ముందుకు రాలేదు. వస్తే చెక్కలు ఊగుతాయి, పిల్లలు బెదురుతాయి, పిల్లలు బెదిరితే తల్లి నా కాళ్ళ మీద పడుతుంది. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం తాతయ్య కూడా నన్ను వదిలేశాడనుకున్నాను.

"ఒలే, మీ నాయనమ్మ సేపల పులుసులో ముందు ఏటేస్తాది?" అని అడిగాడు. సాయంత్రం కబుర్లప్పుడు అడిగినట్టే ఉంది గొంతు.

నేను బిత్తరపోయాను. కాళ్ళ దగ్గర మృత్యువు తిరుగుతుంటే ఈయనకు పులుసు కావాల్సి వచ్చింది. చింతపండు అన్నాను, ఏడుపు గొంతుతో.

"సింతపండా? నీ మొకం. ముందు ఉల్లిపాయ కదే!"

కాదు, చింతపండే ముందు నానబెడుతుందన్నాను. నానబెట్టడం వేరు, వేయడం వేరన్నాడు. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. అంత భయంలోనూ ఓడిపోవడం ఇష్టం లేకపోయింది. ఉల్లిపాయ, తర్వాత పచ్చిమిరప, తర్వాత పసుపు అని నేను చెబుతుంటే ఆయన ప్రతిదానికీ ఒక పేచీ పెట్టాడు. కారం ఎంత, బెండకాయ వేస్తుందా వేయదా, మెంతిపొడి ఎప్పుడు అని అడిగాడు. నేను చెబుతూనే ఉన్నాను. ఆ నల్లటి వీపు నా పిక్కను రాసుకుంటూ పోయింది. జిగురుగా, చల్లగా ఉంది. చేప ముక్కలు ఎప్పుడు వేస్తుందని తాతయ్య అదే క్షణంలో అడిగాడు. పులుసు కుతకుతలాడాక అని చెప్పాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

చూస్తుండగానే ఎర్రటి వాన కదిలి, తుంగ మొక్కల వైపు వెళ్ళింది. వీపులు రెండూ దాని వెంట వెళ్ళాయి. కొత్తిమీర దాకా రాకముందే నన్ను నెమ్మదిగా నడిచి రమ్మన్నాడు. వచ్చాను. ఒడ్డు చేరగానే ఆయన నన్ను గుండెకు అదుముకుని, అలాగే బురదలో కూలబడ్డాడు. ఆయన కుడి అరచేయి చూశాను. గుంజను పట్టుకున్న పట్టుకు చెక్క పేళ్ళు చేతిలో దిగి రక్తం కారుతోంది. అంతసేపూ పులుసు గురించి అంత తీరిగ్గా మాట్లాడిన మనిషి చెయ్యి అది!

నాయనమ్మ నడుం నొప్పి మరిచి పరుగెత్తుకొచ్చింది. తాతయ్యను తిట్టిన తిట్లు మలాయ్ మామయ్య ఇంటిదాకా వినిపించాయి. ఆ తోమన్లన్నిటినీ ఈ పూటే చంపాలంది. పిల్లల్తో ఉన్నప్పుడు వాటిని పట్టడం చాలా సులువని మలాయ్ మామయ్య కూడా అన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. పిల్లల ఎరుపు పోయి విడిపోయేదాకా ఆగుదామన్నాడు. అప్పటిదాకా చెక్కల చుట్టూ వెదురు దడి కట్టాడు. మెతుకులు ఆ రోజు నుంచి కోళ్ళ పాలయ్యాయి. నాయనమ్మ అరుపులకు నేను బిక్కచచ్చిపోతుంటే, తాతయ్య నా చెవిలో అన్నాడు: "మీ నాయనమ్మ మీద కోపం తెచ్చుకోకే. అదీ ఆ సేపలాగే. పిల్ల కోసం బయపడ్డాది."

అన్నట్టే ఎరుపు పోయాక ఆయనే గాలాలు వేసి పెద్ద తోమన్లను తీశాడు. ఒకటి రెండు మాత్రం గుంటలో ఉంచాడు, అవీ లేకపోతే మళ్ళీ ముళ్ళ కూరే అని. ఆ పై ఏడు జపాన్ చేపలు నిజంగానే కంచమంత అయ్యాయి. పులుసు పెట్టిన ప్రతిసారీ తాతయ్య నా వైపు చూసి, ముందు ఏం వేశారే అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కాళ్ళు మాత్రం పీట మీదికి లాక్కునేదాన్ని.

ఈ మధ్య మేం ఇప్పుడుంటున్న టోవా పాయో ఫ్లాట్ల బ్లాకులో నేనూ మనవరాలూ ఎక్కిన లిఫ్టు ఆగిపోయింది. లైటు ఆరిపోయి, చిన్న ఎర్ర దీపం ఒకటి మిగిలింది. బెల్లు నొక్కితే, వస్తున్నాం, కాస్త ఓపిక పట్టండని ఎవరిదో గొంతు చెప్పింది. మనవరాలు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని "అమ్మమ్మా, ఐ కాంట్ బ్రీద్ లా" అని ఏడవడం మొదలుపెట్టింది. నాకు మూసిన పెట్టెలంటే ఎంత భయమో దానికి తెలియదు.

"పెలాన్ పెలాన్. ముందు ఇది చెప్పు, చేపల పులుసులో ముందు ఏం వేస్తాను?" అన్నాను.

వెక్కుతూనే "టామరిండ్" అంది.

"నీ మొహం. ముందు ఉల్లిపాయ కదే!"

దానికి కోపం వచ్చింది. అచ్చం నాకు వచ్చినట్టే. వాదించింది, వేళ్ళు మడిచింది, బెండకాయ తనకు నచ్చదంది. తలుపు తెరుచుకునే సరికి మేం కొత్తిమీర దాకా వచ్చేశాం. అది బయటికి గెంతి, వాళ్ళమ్మకు చెప్పడానికి పరుగెత్తింది, అమ్మమ్మకు అసలు భయమే వేయలేదని.

నేను వెంటనే బయటికి రాలేకపోయాను. లిఫ్టులోని ఇనుప కమ్మిని పట్టుకున్న నా కుడి చెయ్యి ఎంతకీ ఊడి రాలేదు.