రింగుకు ఇవ్వని గ్యాప్

ఏళ్ల తరబడి ఓ బరువు మోస్తున్నాను. తూచితే ఎంతో ఉండదు, ఒక చిన్న ఇనప రింగు. దాన్ని మోస్తూనే పెళ్లిళ్లకు వెళ్లాను, కడుపునిండా తిన్నాను, షెడ్డు పెద్దది చేసుకున్నాను. జాలిపడమని ఇది రాయడం లేదు. క్షమించమని అసలే అడగను. తిట్టుకుంటే తిట్టుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మాది భీమవరం పక్క. డీజిల్ ఇంజన్లు విప్పి కట్టే మేస్త్రీని. ఇక్కడ రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్లుంటాయి. కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లను నడిపేవి అవే. అవి ఆగితే రొయ్య బతకదు.

కొత్తగా కట్టిన ఇంజన్‌ను చెరువుల ఆసాములు పరీక్షించే పద్ధతి ఒకటుంది. స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి, అక్కడ అరచెయ్యి పెడతారు. లోపలి నుంచి ఆవిరి చేతికి కొడితే “బ్యాక్ కంప్రెషన్” అని మొహం చిట్లిస్తారు. ఆ మేస్త్రీ పేరు పోయినట్టే. నేను కట్టిన ఇంజన్‌లో ఆవిరి చేతికి తగలదని పేరు. పిస్టన్ రింగు రెండు కొసల మధ్య కాస్త సందు వదలాలి, దాన్నే గ్యాప్ అంటాం. ఆవిరి అందులోంచి జారకుండా నేను అది మరీ తక్కువ పెట్టేవాణ్ణి. నా గొప్పతనమంతా అంతే. పాత ఇంజన్లు ఎలాగో ఓర్చుకున్నాయి.

ఓసారి ఒక ఆసామి చెరువు మీది జనరేటర్ నా చేతికి వచ్చింది. దానిది టర్బో ఇంజన్. టర్బో గాలిని కుక్కి లోపలికి పంపుతుంది, అందుకే వేడి ఎక్కువ. వేడికి రింగు సాగుతుంది. సాగడానికి చోటు ఉండాలంటే కొసలను ఆకురాయితో ఇంకాస్త అరగదీయాలి. ఇది నాకు తెలియదా? తెలుసు. రింగుల పెట్టెలోని కాగితం మీద కూడా ఉంది. ఆకురాయి చేతిలోనే ఉంది. అయినా అరగదీయలేదు. ఎందుకు అరగదీయలేదు? ఆసామి అరచెయ్యి కళ్ల ముందు ఆడింది, అంతే. తెలియక చేసిన తప్పయితే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఆసామి వచ్చి చెయ్యి పెట్టారు, మెచ్చుకున్నారు. కొద్ది రోజులకే మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ పూర్తి లోడు మీద నడుస్తూ పట్టేసి, బిగుసుకుని ఆగిపోయింది. నేను వెళ్లేసరికి రొయ్యలు గాలి కోసం పైకి తేలుతున్నాయి.

ఇంజన్ హెడ్డు విప్పాలంటే ముందు రేడియేటర్‌లో నీళ్లు వదిలేయాలి. వదిలాను. నిండుగా వచ్చాయి. మిగతావాళ్లు రొయ్యల దగ్గర ఉన్నారు, చూసింది నేనొక్కణ్ణే. పిస్టన్ బయటికి లాగి పై రింగు తీశాను. రెండు కొసలూ ఒకదాన్నొకటి నొక్కుకుని తళతళ మెరుస్తున్నాయి. సాగడానికి చోటు లేక, పిస్టన్ ఆడే గొట్టాన్ని, లైనర్‌ను, రింగు చీరేసింది. రింగును చొక్కా జేబులో వేసుకున్నాను. గీతలు పడ్డ పిస్టన్‌ను మాత్రం గట్టు మీద పెట్టాను.

“ఏంటండీ మేస్త్రీగారూ, ఏమైందంటారు?” అన్నారు ఆసామి.

“వేడెక్కి పట్టేసిందండి. నీళ్లు చూసుకుని ఉండరు.”

జనరేటర్ చూసుకునే సత్తిబాబు కూడా వచ్చి ఉన్నాడు. “ఆయ్, పొద్దున్నే నిండా పోశానండి బాబూ, ఒట్టండి,” అన్నాడు. ఆసామి నా వైపు చూశారు. నేను పిస్టన్ వైపు చూశాను.

సత్తిబాబును ఆ రోజే పనిలోంచి తీసేశారు. నీళ్లు చూసుకోనివాడన్న మాట గట్టు గట్టుకీ పాకింది. మళ్లీ ఏ చెరువు దగ్గరా వాడికి పని దొరకలేదు. ఐసు దిమ్మలు మోశాడు. ఇప్పుడు ఐసు వ్యాను నడుపుతున్నాడు.

అరచేతులు పెట్టిన ఆసాములకు కూడా ఇందులో భాగం ఉంది. ఉందనే అంటాను, ఎవరికి కోపం వచ్చినా సరే. రింగుకు కాస్త చోటు వదిలిన మేస్త్రీని పనికిమాలినవాడన్నది మీరు కాదా? ఇప్పుడు నా షెడ్డులో ఎవరైనా మూత మీద చెయ్యి పెడితే, “తీయండి, నమ్మకం లేకపోతే బండి తీసుకుపోండి,” అంటున్నాను. కొందరు తీసుకుపోయారు. పోనీ. అయితే ఈ పౌరుషం ఆ రోజు గట్టు మీద ఏమైంది? బిగువు పరీక్ష మీది. అబద్ధం మాత్రం నాది, దాన్ని ఎవరితోనూ పంచుకోను.

సత్తిబాబు ఇప్పటికీ వ్యాను నా దగ్గరికే తెస్తాడు. నన్ను మించిన మేస్త్రీ లేడని వాడి నమ్మకం. దిగీ దిగగానే, నేను అడక్కముందే, రేడియేటర్ మూత తీసి చూపిస్తాడు. “నీళ్లు పోసే తెచ్చానండి, చూసుకోండి,” అంటాడు. నేను చూస్తాను. తలూపుతాను. వాడి ముఖాన చెప్పలేని పిరికివాణ్ణి అంటారా? అనండి, కాదనను. ఇక్కడ రాసేసరికే ఊపిరి కాస్త ఆడుతోంది, ఆ కాస్త కూడా నాకు దక్కాల్సింది కాదు.

సత్తిబాబూ, ఆ రోజు నీళ్లు నిండుగా ఉన్నాయి. వదిలింది నేనే. కళ్లారా చూశాను.